ఊపిరి బిగబట్టిన కొలత

ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చిన మగవాళ్ళలో నూటికి తొంభైమంది, టేపు నడుముకు తగిలీ తగలగానే పొట్ట లోపలికి లాక్కుంటారు. కావాలని చేస్తారని కాదు. కొలుస్తున్నారంటే చాలు, మనిషికి అదొక పరువు సమస్య అయి కూర్చుంటుంది. ఆ కొలతను నమ్మి కుట్టారో, వారం తిరక్కుండా అదే ప్యాంటు పట్టుకుని అదే మనిషి, "ఇదేంటమ్మా, గుండీ పెట్టుకోడానికి రావట్లేదు" అంటూ దిగబడతాడు. తప్పు ఎప్పుడూ కుట్టినవాళ్ళదే. అందుకని అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. టేపు నడుముకు చుట్టి, అంకె చూడకుండా, "మీరుండేది ఎటువైపండీ?" అని అడుగుతుంది. ఆయన జవాబు మొదలుపెడతాడు. మాట బయటికి రావాలంటే ఊపిరి వదలాలి, ఊపిరి వదిలితే పొట్ట దాని అసలు చోటికి అదే వస్తుంది. అప్పుడు చూస్తుంది అంకె.

ఆ బజారంతా ఆమెను అక్క అనే పిలుస్తుంది. చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఆమె కుట్టుగదికి బోర్డు లేదు. "అక్క దగ్గరికెళ్ళి రెండంగుళాలు తగ్గించుకురా" అంటే ఎవరికైనా దారి తెలుస్తుంది. నిజానికి ఆమెను అక్కా అని పిలిచే హక్కు పుట్టుకతో వచ్చింది ఒక్క మనిషికే. ఆ మనిషి రెండేళ్ళుగా ఈ గది మెట్టెక్కలేదు. సోమవారం పొద్దున ఎక్కింది.

"జిప్పు పోయింది," అంది చెల్లెలు, భుజాన ఉన్న బ్యాగు తీసి కౌంటరు మీద పెడుతూ.

అక్క బ్యాగు అటూ ఇటూ తిప్పి, జిప్పు రెండుసార్లు లాగి చూసింది. నిక్షేపంలా ఉంది.

"బాగానే ఉందే."

"అలాగా. అయితే నన్ను కూర్చోమను."

అక్క స్టూలు మీది గుడ్డముక్కలు తీసి పక్కన పడేసింది. చెల్లెలు కూర్చుంది. స్కూల్లో డ్రాయింగు నేర్పే మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఇవాళ ఆకుపచ్చ.

"యూనివర్సిటీ వాళ్ళు ఒక పరిశోధన చేస్తున్నారక్కా. మాలాంటి జంటలు ఎలా కలిసుంటారు, ఎందుకు పోట్లాడుకుంటారు, ఎన్నాళ్ళుంటారు, ఇలాంటివన్నీ రాసుకుంటారట. మమ్మల్నీ తీసుకున్నారు."

మాలాంటి అన్న మాట దగ్గర అక్క సూది వెలుతురుకి ఎత్తి పట్టుకుని దారం ఎక్కించడం మొదలుపెట్టింది. దారం ఎక్కింది గానీ ఆమె సూది దించలేదు.

"దానికి నేనేం చెయ్యాలి?"

"పోల్చడానికి ఇంకో జంట కావాలట. ఒకే ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళయితే మంచిదట. పెళ్ళైన అన్నో, అక్కో. నువ్వూ బావా ఒక వారం పుస్తకం రాయాలి, మేమూ రాస్తాం. నువ్వు రానంటే మమ్మల్నీ తీసేస్తారు."

"తీసేస్తే పోయేదేముంది?"

చెల్లెలు కత్తెర అందుకుని, దాని రెక్కలు తెరిచి మూసి, మళ్ళీ చోట్లో పెట్టింది. "పదకొండేళ్ళయింది మేం కలిసుండి. ఎందుకు కలిసున్నారని అడిగినవాళ్ళే అందరూ. ఎలా ఉన్నారని అడిగింది వీళ్ళే, మొదటిసారి."

అక్క సూది దించింది. పోల్చడానికి అన్న మాట ఆమెకు నచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది సంసారమో, ఏది కాదో ఎవరూ నోరు చేసుకోకుండానే తేలిపోతుందని ఆమె అనుకుంది. ఇరవైరెండేళ్ళ కాపురం తనది. పక్కింటివాళ్ళు ఏనాడూ తమ గొంతులు విని ఎరగరు.

"మీ బావని అడిగి చెప్తాలే," అంది. అడిగేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

చెల్లెలు లేచి, బ్యాగు తగిలించుకుంటూ గోడవైపు ఒకసారి చూసింది. గోడమీద అక్క కూతురు డిప్లొమా పట్టా పుచ్చుకున్న రోజు ఫోటో ఉంది. ఇంటిల్లిపాదీ ఉన్నారందులో. చెల్లెలితో ఉండే ఆవిడ, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మనిషి, ఆ రోజు వరస చివర వచ్చి నిలబడితే, అక్క తన ఫోను ఆవిడ చేతిలో పెట్టి, "కాస్త మీరు తీసిపెట్టండి" అంది. ఆవిడ తీసిపెట్టింది. బాగా తీసింది కూడా. ఒక్కరి కన్నూ మూసుకోలేదు. చెల్లెలు ఆ తర్వాత మళ్ళీ ఈ మెట్టు ఎక్కకపోవడానికి అదే కారణం. ఇప్పుడూ ఆ మాట ఎత్తకుండానే దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం యూనివర్సిటీ నుంచి ఒకావిడ ఇంటికొచ్చింది. నలభై దాటిన మనిషి, భుజానికి బరువైన సంచి. సంచిలోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకమొకటి, నీలం అట్ట పుస్తకమొకటి తీసి బల్లమీద పెట్టింది. అక్క ఆమెకు అప్పటికప్పుడే పుస్తకాలావిడ అని పేరు పెట్టేసుకుంది.

అక్క భర్త బస్సు డిపోలో టైంకీపరు. గేటు పక్క చిన్న గదిలో కూర్చుని, వచ్చిన బస్సూ వెళ్ళిన బస్సూ నిమిషంతో సహా రాయడం ఆయన ఉద్యోగం. బస్సు ఎంత ఆలస్యమైనా డ్రైవరుని తిట్టడు, ఎందుకైందని అడగడు. రాస్తాడు. ఇరవైఆరేళ్ళుగా ఒక్క కొట్టివేత లేని రిజిస్టర్లని డిపోలో చెప్పుకుంటారు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నీలం పుస్తకం తిరగేశాడు.

"ఏ పని ఎవరు చేశారు, ఎన్ని నిమిషాలు పట్టింది రాయాలి," అంది పుస్తకాలావిడ. "నేను, అవతలివాళ్ళు, ఇద్దరం అని మూడు గళ్ళున్నాయి. మాట పట్టింపు వస్తే, తర్వాత ముందు పలకరించింది ఎవరో రాయాలి. ఒంట్లో ఎలా ఉందో, ఆ సంగతి అవతలివాళ్ళకి తెలుసో లేదో రాయాలి. ఒకరి పుస్తకం ఒకరు చూడొద్దు. ఇంట్లో రాస్తే చూడాలనిపిస్తుంది, పని దగ్గరే రాసుకోండి."

"ఇద్దరివీ కలవాలా?" అంది అక్క.

"అక్షరం అక్షరం కలవక్కర్లేదు. మరీ తేడా వస్తే ఆ జంటని పక్కన పెడతాం. వాళ్ళతో ముడిపడిన రెండో జంటనీ పెట్టాల్సొస్తుంది."

ఏడోరోజున నలుగురూ యూనివర్సిటీలోని తమ పరిశోధన కేంద్రానికి రావాలంది. అక్కడ ఒక గదిలో, కెమెరా ముందు, తమకు పడని విషయం ఏదో ఒకటి తీసుకుని పావుగంట మాట్లాడుకోవాలి.

"మాకలాంటివేం లేవండీ," అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే.

"వారం టైముంది. ఒకటి వెతకండి," అంది ఆవిడ. ముఖంలో నవ్వు లేదు.

మొదటి పేజీ అక్కడే నింపమంది. తోబుట్టువు జంటలో మొదటివారు మీకేమవుతారు? రెండోవారు మీకేమవుతారు? టైంకీపరు పెన్ను మూత తీస్తూ, "నాకు ఒక్క మరదలే అనుకున్నా ఇన్నాళ్ళూ. ఇద్దరన్నమాట," అన్నాడు. అక్క చూసిన చూపుకి పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క మొదటి గీతమీద చెల్లెలు అని రాసింది. రెండో గీత దగ్గర కాసేపు ఆగి, చెల్లెలి స్నేహితురాలు అని రాసి, పుస్తకం మూసేసింది.

మర్నాడు షాపు షట్టరు సగం ఎత్తి, కుట్టుమిషను మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంది. గిరాకీ రావడానికి ఇంకా అరగంట ఉంది. కుళాయి నీళ్ళు పట్టింది ఎవరు? ఐదూ పదికి వదిలి ఐదూ నలభైకి కట్టేస్తారు, పట్టింది తనే. నేను అన్న గడిలో పెన్సిల్‌తో టిక్కు పెట్టింది. వంట, నేను. గిన్నెలు, నేను. బట్టలు ఉతకడం, ఆరేయడం, తీయడం, మడతపెట్టడం వేరువేరు గళ్ళు. నేను, నేను, నేను, నేను. కూరగాయలు, గ్యాసు, హాస్టల్లో ఉన్న కూతురికి ఫోను. పేజీ కిందికి వచ్చేసరికి టిక్కులన్నీ ఒకే వరసలో, గోడకి పాకిన చీమల బారులా దిగాయి. మిగతా రెండు గళ్ళూ తెల్లగా ఉన్నాయి.

అక్క ఆ పేజీని దూరంగా పట్టుకుని చూసింది. ఇన్నేళ్ళలో ఆ పనులన్నీ ఒక కాగితం మీద ఒకచోట చూడడం ఇదే మొదలు. విడివిడిగా ఏదీ బరువనిపించలేదు ఎప్పుడూ. ఈ కాగితం తీసుకెళ్ళి అవతలి కాగితం పక్కన పెడతారు. అటు డ్రాయింగు మాస్టరూ ఎక్స్‌రే ఆవిడా, ఇటు తను. పెట్టి చూసినవాళ్ళు ఏమంటారు? పైగా ఆయన ఏం రాస్తాడో తెలిసిందే. ఏ మగవాడైనా ఇద్దరం అనే రాస్తాడు. పేపరు మడిచి బల్లమీద పెట్టినా ఇంటిపనిలో జమ వేసుకునే జాతి. అప్పుడు రెండు పుస్తకాలూ కలవవు, చెల్లెల్ని తీసేస్తారు, ఆ పాపం తన మీదికొస్తుంది.

ఇలా చెల్లెలి మేలు ఒకటి దొరికేసరికి ఆమెకు హాయిగా అనిపించింది. రబ్బరు తీసుకుని టిక్కులన్నీ చెరిపింది. నీళ్ళు, ఇద్దరం. వంట, ఇద్దరం. గిన్నెలకి మాత్రం కొంచెం ఆలోచించి, ఆయన పేరున పది నిమిషాలు రాసింది. పొడి ఊదేసి, పుస్తకం గుండీల డబ్బా కింద దాచి, షట్టరు పూర్తిగా ఎత్తింది. ఆ రోజు మొదట వచ్చిన గిరాకీ ఒక లావుపాటి గుమస్తా. టేపు తగలగానే పొట్ట పీల్చాడు. "మీరుండేది ఎటువైపండీ?" అంది అక్క.

బుధవారం కూడా అలాగే రాసింది. ఈసారి పెన్సిల్‌తో కాదు, పెన్నుతోనే.

గురువారం పొద్దున లేచేసరికి ఒళ్ళు కాలిపోతోంది. మంచం పట్టీ పట్టుకుని కాసేపు కూర్చుని, కళ్ళు తిరగడం ఆగాక లేచింది. పక్కన టైంకీపరు కదలకుండా పడుకుని ఉన్నాడు. నీళ్ళు పట్టింది, వంట చేసింది, డబ్బా కట్టింది. ఆయన పేపరు చదివి, స్నానం చేసి, డబ్బా తీసుకుని, "వస్తా" అని వెళ్ళిపోయాడు.

చెల్లెలు సంతకం చేయాల్సిన కాగితం ఒకటి పొరపాటున తమ పుస్తకంలో ఉండిపోయిందని పుస్తకాలావిడ ముందురోజు ఫోను చేసింది. షాపుకి వెళ్ళేదారిలో ఇచ్చేసి పోదామని అక్క బయల్దేరింది. వాళ్ళుండేది రెండో అంతస్తులో. మొదటి అంతస్తు మలుపు దగ్గరే పోట్లాట వినపడింది.

"నీ వంతు అని నేనే రాశాను. ఎవరు చెరిపారు మరి?" చెల్లెలి గొంతు.

"నేనే చెరిపాను. నాకు రెండు డ్యూటీలు పడ్డాయి ఈ వారం."

"పడితే చెప్పాలి. పలక తుడిచేస్తే ఎలా?"

తలుపు తీసే ఉంది. వంటింటి తలుపుకి ఒక పలక వేలాడుతోంది. దానిమీద వారాలు, పనులు, వాటి ఎదురుగా పేర్లు. ఒక గడి తడిగుడ్డతో తుడిచి ఉంది. తాడుమీద చెల్లెలి బొమ్మల కాగితాలు ఆరుతున్నాయి. అక్కను చూసి ఇద్దరూ ఒక్క క్షణం ఆగి, "కూర్చో" అని ఒకరూ, "కూర్చోండి" అని ఒకరూ అని, మళ్ళీ మొదలుపెట్టారు. అక్కకు ఎటు చూడాలో తెలియలేదు.

"మనుషులొచ్చినా ఆపరా మీరు?" అంది చివరికి.

"మీరు బయటి మనుషులేంటక్కా, ఇంటివాళ్ళయితే," అంది ఎక్స్‌రే ఆవిడ. పొడుగాటి మనిషి, గొంతు పెద్దది. ఎత్తిపొడుపు కాదది, నిజంగానే అంది. చెల్లెలికి నవ్వొచ్చింది. "పలక దగ్గర పోట్లాట, పదిహేను నిమిషాలు. ఇదీ రాయాలి ఇవాళ."

"రాస్తారా ఇవన్నీ?" అంది అక్క.

"జరిగింది కదా."

ఎక్స్‌రే ఆవిడ కాగితం అందుకోబోతూ అక్క వేళ్ళు తగిలి ఆగిపోయింది. కాగితం చెల్లెలికిచ్చి, అక్క మణికట్టు పట్టుకుంది. తర్వాత నుదురు. ఆ మనిషి తనను ముట్టుకోవడం అక్కకు అదే మొదటిసారి. చెయ్యి లాక్కోవాలని తోచింది, కానీ ఆ అరచెయ్యి చల్లగా ఉంది.

"నూట ఒకటి ఉంటుంది," అంది ఆవిడ. థర్మామీటరు పెట్టి చూస్తే అంతే ఉంది. ఇద్దరూ పోట్లాట మరిచిపోయి పనిలో పడ్డారు. ఒకరు మాత్ర తెచ్చారు, ఒకరు సోఫా మీది రంగుల డబ్బాలు తీసి చోటు చేశారు. అక్క వద్దంటూనే పడుకుంది.

"బావకి చెప్పలేదా?" అంది చెల్లెలు దుప్పటి కప్పుతూ.

"ఆయనకేం తెలుస్తుందే. ఇలాంటివి కనపడవు ఆయనకి," అంది అక్క.

ఫిర్యాదుగా అనలేదు. కొంచెం ముద్దుగానే అంది. ఇరవైరెండేళ్ళుగా ఆ ఒక్క మాట మీదే ఆమె తన మనసుని కుదురుగా ఉంచుకుంది. ఆయన చెడ్డవాడు కాడు. చేయి ఎత్తలేదు, మాట తూలలేదు. కనపడదంతే. కనపడనివాడి మీద కోపం ఏముంటుంది?

గంట నిద్రపోయి లేచేసరికి చెల్లెలు స్కూలుకి వెళ్ళిపోయింది. ఎక్స్‌రే ఆవిడ డ్యూటీ బట్టల్లో కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతోంది. అక్క లేచేదాకా ఆగినట్టుంది. పలకమీద తుడిచిన గడిలో ఆవిడ పేరు మళ్ళీ రాసి ఉంది.

శుక్రవారం పొద్దున ఆకుపచ్చ పుస్తకంలో ముందురోజు పేజీ తెరిచింది అక్క. ఒంట్లో ఎలా ఉంది? బాగుంది, అని రాసింది. పనులన్నిటికీ ఇద్దరం. మాట పట్టింపు, లేదు. పెన్ను ఎందుకో ఆ రోజు బరువుగా నడిచింది.

సోమవారం నలుగురూ కేంద్రంలో ఉన్నారు. పొడుగాటి వసారా, గోడవారగా బెంచీలు. పుస్తకాలావిడ అక్కనీ టైంకీపరునీ ముందు లోపలికి పిలిచింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, చివరి పేజీల్లో మొత్తాలు చూసి, మళ్ళీ వెనక్కి తిప్పి, ఒక్కో రోజూ చూసుకుంటూ వచ్చింది. చాలాసేపు పట్టింది.

"ఈ రెండూ ఒకే ఇంటివేనా అని అనుమానంగా ఉందండీ," అంది. గొంతులో వెటకారం లేదు. "ఇంత తేడా ఇదివరకు రాలేదు నాకు. ఇలాగే ఉంటే మిమ్మల్ని తీసుకోలేను."

అక్కకు చిర్రెత్తింది. తను ఇంత చేస్తే, ఈయన ఇంకా ఎక్కువ రాసుకున్నట్టున్నాడు. వంట కూడా నేనే అని రాశాడేమో.

"ఆయన ఏం రాశారో చూడొచ్చా?"

"ఆయన ఒప్పుకుంటేనే."

"చూడనివ్వండి. దాచేదేముంది అందులో," అన్నాడు టైంకీపరు, తన బూట్లవైపు చూస్తూ.

నీలం పుస్తకం తెరిచింది అక్క. కొట్టివేత లేని గుండ్రటి చేతిరాత. గళ్ళు చాలక పక్కన అంచుల్లో కూడా రాశాడు.

మంగళవారం. 4.52 లేచింది. 5.10 నీళ్ళు. 5.40 పొయ్యి. 6.25 బట్టలు. నేను: పేపరు.

బుధవారం. 4.50 లేచింది. నీళ్ళు, పొయ్యి, గిన్నెలు. సాయంత్రం 7.15 వచ్చింది, నిలబడే వంట. 9.20కి కూర్చుంది. నేను: పేపరు, టీవీ.

ఆమె పేజీ తిప్పింది.

గురువారం. 4.52 లేచింది. జ్వరం. కళ్ళెర్రగా ఉన్నాయి. మంచం పట్టీ పట్టుకుని నాలుగు నిమిషాలు కూర్చుంది. నీళ్ళు, వంట, డబ్బా మామూలే. ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ చివరి రెండు వాక్యాలు అక్క రెండుసార్లు చదివింది. తర్వాత పుస్తకం మూసి, అట్టమీద ముడత ఉంటే అరచేత్తో సాపు చేసింది, గుడ్డని చేసినట్టు. ఆమెకు అప్పుడు వచ్చింది ఏడుపు కాదు, కోపమూ కాదు. అవమానం. ఇన్నేళ్ళూ గుడ్డివాడనుకుని జాలిపడ్డ మనిషి కళ్ళు తెరుచుకుని చూస్తూ పడుకున్నాడు.

"ఇందులో ఏది నిజం?" అంది పుస్తకాలావిడ. "ఎవరో ఒకరు నాది తప్పని సంతకం పెడితే, ఇంకో వారం కొత్త పుస్తకాలిస్తాను. లేదంటే ఇంతే."

టైంకీపరు తల ఎత్తలేదు. ఆమె తనదే నిజమంటే ఆయన కాదనడు. కాదనే మనిషి కాడు. ఇరవైరెండేళ్ళ కాపురం ఆ ఆకుపచ్చ అట్టలో చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. బయట బెంచీమీద ఇద్దరు మనుషులు లేచి ఇంటికి వెళ్ళిపోతారు.

"నాది తప్పు," అంది అక్క. "ఆయనది నిజం. సంతకం ఎక్కడ?"

సంతకమయ్యాక, కెమెరా పని మాత్రం ఇవాళే కానివ్వమంది పుస్తకాలావిడ. మాటల గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. గోడకి గడియారం. మూలన కెమెరా, దానిమీద ఎర్ర దీపం వెలిగింది. వాళ్ళు వెతికి తెచ్చుకున్న విషయం కిటికీ తెరల రంగు.

"నీలం బాగుంటుందనుకుంటా," అన్నాడు టైంకీపరు.

"నాకు జ్వరమని తెలిసి పడుకున్నారు."

"పడుకోలేదు. మెలకువగానే ఉన్నా," అన్నాడు. తన తరఫున చెప్పుకుంటున్నానే అనుకున్నాడు పాపం. ఆ మాట గదిలో పడ్డాక ఆయనకే వినపడింది.

"ఎందుకు లేవలేదు?"

ఆయన గడియారం చూశాడు.

"గడియారం చూడకండి."

"అలవాటు." కళ్ళజోడు తీసి, "నువ్వు లేచావు కదా," అన్నాడు. అంతకంటే వేరే కారణం ఉందేమోనని తనలో తను నిజాయితీగా వెతికినట్టే ఉంది, దొరకలేదు.

"నేను మీకు కనపడట్లేదనుకున్నా," అంది అక్క. "కనపడనిదానికి ఆయన మాత్రం ఏం చేస్తాడులే అనుకుని గడిపేశా. మీకు నిమిషంతో సహా కనపడింది."

"పుస్తకంలో అబద్ధం రాయడం నాకు చేతకాలేదు."

"నాకు చేతనయింది," అంది అక్క.

ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. ఆయన గడియారంవైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఆయన పడుతున్న అవస్థ అక్కకు కనపడుతూనే ఉంది. చివరికి ఎర్ర దీపం ఆరిపోయింది.

వసారాలో చెల్లెలు లేచి నిలబడింది. "అయిపోయిందా?"

"ఇంకో వారం పడుతుంది. నేను అబద్ధం రాశాను," అంది అక్క. వాళ్ళ ముందు ఇది చెప్పాల్సొస్తుందని వారం కిందట ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేది. "అన్నిటికీ ఇద్దరం చేస్తామని రాశా. ఏదీ ఇద్దరం చెయ్యం."

"పదకొండేళ్ళు ఆగాం, వారం ఎంతలే," అంది చెల్లెలు.

ఎక్స్‌రే ఆవిడ బెంచీమీది సంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఆ చోటు చేత్తో తట్టింది. అక్క కూర్చుంది.

"జ్వరం తగ్గిందా?" అంది ఆవిడ.

మర్నాడు నాలుగూ యాభై రెండుకి అక్కకు ఎప్పట్లాగే మెలకువ వచ్చింది. లేవలేదు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉంది. పక్కన ఊపిరి నిద్రపోయే మనిషి ఊపిరి కాదు. అది ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎందుకు పట్టించుకోలేదో అనుకుంది. ఐదైంది. ఐదూ పదికి, రాత్రే తిప్పి ఉంచిన కుళాయి గొట్టంలో గాలి కొట్టింది, తర్వాత ఖాళీ బిందెలో ధార పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు మారుతూ, సన్నబడుతూ, బిందె నిండింది. నిండి కిందికి పోవడం మొదలైంది. ఆమె కాళ్ళు వాటంతట అవే కిందికి దిగబోయాయి. దుప్పటి గట్టిగా పట్టుకుంది.

ఐదూ ఇరవై ఒకటికి మంచం కదిలింది. టైంకీపరు లేచి, చెప్పుల కోసం కాసేపు తడుముకుని, వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె ఏదో కిందపడింది.

"గరాటు ఎక్కడుంటుంది?" అని అడిగాడు.

అక్క దిండు పక్కనున్న కొత్త పుస్తకం అందుకుంది. పని దగ్గరే రాయమన్నారు గానీ, ఈ ఒక్క ముక్క ఇక్కడే రాయాలనిపించింది. మొదటి పేజీ నింపకుండా ముందుకు పోవడానికి లేదు. మొదటివారు మీకేమవుతారు? చెల్లెలు. రెండోవారు మీకేమవుతారు? మరదలు, అని రాసింది. చీకట్లో అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి, కానీ చదవడానికి వీలుగానే ఉన్నాయి.

వంటింట్లో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడు. గరాటు కిటికీ పక్క మేకుకి వేలాడుతుంటుంది. అక్క పేజీ తిప్పి, మొదటిరోజు కింద, నీళ్ళు అన్న గడి ఎదురుగా రాసింది.

5.21. ఆయన. సగం కిందే పోయాయి.